సంక్రాంతి సెలవుల్లో థార్ ఎడారి: 4 బండ్లు, 10 రోజులు. వానను, పర్మిట్లను చూసుకుని ఎలా ప్లాన్ చేయాలి?

వైట్‌ఫీల్డ్_వాసు
పోయిన జనవరిలో జరిగింది మళ్లీ జరగకూడదని ఈసారి మూడు నెలల ముందే అడుగుతున్నాను. మూడు బండ్లలో జైసల్మేర్ వెళ్లాం. ఒక ట్రావెల్స్ అతను "పర్మిట్లన్నీ నేను చూసుకుంటా సార్" అని అడ్వాన్సు తీసుకున్నాడు. రెండో రోజు అక్కడికి దగ్గర్లోని ఖూరీ అనే ఊరు దాటి మట్టిదారిలో పోతుంటే అటవీ శాఖ గార్డు ఆపి కాగితం అడిగాడు. మా దగ్గర ఒక్కటీ లేదు. ట్రావెల్స్ అతని ఫోన్ స్విచాఫ్. గార్డు మర్యాదగానే మాట్లాడాడు, జరిమానా కూడా వేయలేదు, కానీ వెనక్కి పంపేశాడు. ఆ సాయంత్రం పట్టుకున్న వాన మర్నాడు మధ్యాహ్నం దాకా వదల్లేదు. గుడారం తడిసి పిల్లలిద్దరూ రాత్రంతా వణికారు. పెట్టిన డబ్బు సంగతి పక్కన పెట్టండి, పిల్లల ముఖాలు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

ఈసారి నాలుగు బండ్లు: రెండు మహీంద్రా థార్ జీపులు, ఒక జిమ్నీ, ఒక టూవీల్ డ్రైవ్ (ఇంజిన్ శక్తి రెండు చక్రాలకే అందే) స్కార్పియో. మొత్తం తొమ్మిది మంది, అందులో ఇద్దరు పిల్లలు (11, 13 ఏళ్లు). డల్లాస్ నుంచి మా బావమరిది కూడా వస్తున్నాడు, అతనికి ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. జనవరి 9న బయల్దేరి 18కి తిరిగి రావాలి. అనుకున్న దారి: బెంగళూరు, ఉదయ్‌పూర్, బాడ్‌మేర్, ఖూరీ, సమ్ తిన్నెలు, సరిహద్దు వైపు ఉన్న తనోట్, లోంగేవాలా, అక్కడి నుంచి గుజరాత్‌లోని కచ్ రణ్ (ఉప్పు నేల), మళ్లీ ఇల్లు.

ఏ కాగితం ఎక్కడ తీసుకోవాలి? వాన వస్తుందని ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బనశంకరి_బుల్లోడు
సంక్రాంతికి ఇంట్లో లేకపోతే అమ్మ ఒప్పుకుందా? ముందు ఆ పర్మిట్ సంగతి చెప్పండి 😀

వైట్‌ఫీల్డ్_వాసు
అమ్మ కూడా వస్తోంది. తొమ్మిది మందిలో ఆమె ఒకరు. తనోట్ మాత గుడి చూడాలని రెండేళ్లుగా అడుగుతోంది.

బనశంకరి_బుల్లోడు
అయితే అసలు పెద్ద పర్మిట్ దొరికినట్టే.

నెలమంగల_టోల్
ఒక్కసారి లెక్క వేయండి. బెంగళూరు నుంచి జైసల్మేర్ ఒకవైపే 2,000 కిలోమీటర్ల పైమాట. పిల్లలతో, పెద్దావిడతో రోజుకు 700 నడిపినా పోవడానికి మూడు రోజులు, రావడానికి మూడు రోజులు. మిగిలేది నాలుగు. ఆ నాలుగింట్లో ఖూరీ, సమ్, తనోట్, లోంగేవాలా, పైగా కచ్. ఎక్కడా కూర్చుని టీ తాగే టైం ఉండదు.

ఏడో_గేరు
పై పోస్టుతో ఒప్పుకోను. హుబ్బళ్ళి, కొల్హాపూర్, పుణె మీదుగా రోడ్డు బాగుంటుంది. సొంత బండిలో పోతేనే ఆ ట్రిప్‌కు అందం. విమానంలో పోయి అద్దె బండి తీసుకుంటే మన చేతికి అలవాటు లేని క్లచ్‌తో ఇసుకలో ఇబ్బంది పడాలి.

నెలమంగల_టోల్
@ఏడో_గేరు రోడ్డు బాగుందనే నేనూ అంటున్నా. అలసట గురించి నా మాట. మూడు రోజులు వరసగా నడిపిన మనిషి నాలుగో రోజు ఇసుకలో తప్పు చేస్తాడు. నేను చేశాను. నిద్రమత్తులో తిన్నె మీదికి అడ్డంగా ఎక్కించాను, బండి ఒరిగింది. పల్టీ కొట్టలేదు, అంతే.

ఉప్పునీళ్ళు
అద్దె బండి తీసుకునేవాళ్లు ఒప్పందం కాగితం మొత్తం చదవండి. మాకిచ్చిన దాంట్లో చివరి పేజీలో చిన్న అక్షరాలతో "తారు రోడ్డు దాటితే పూచీ మీదే" అని ఉంది. కింద రాయి తగిలి ఆయిల్ ట్యాంకు పగిలింది. బాగు చేయించిన ఖర్చు మొత్తం మా మీదే వేశారు.

జిమ్నీ_జానకి
మధ్యేమార్గం ఒకటుంది. డ్రైవింగ్ ఇష్టమున్న నలుగురు రెండు రోజులు ముందుగా బండ్లు తీసుకుని బయల్దేరతారు. అమ్మగారు, పిల్లలు, మిగతావాళ్లు రైల్లోనో విమానంలోనో జోధ్‌పూర్ చేరతారు. బెంగళూరు నుంచి జోధ్‌పూర్‌కు నేరుగా రైలుంది. మేం రెండుసార్లు ఇలాగే చేశాం. జోధ్‌పూర్‌లో ఒక పూట నిద్రపోయి, బండ్లు ఒకసారి చూపించుకుని, ఆ తర్వాత ఇసుకలోకి దిగాం.

ఇంకో మాట. కచ్‌ను ఈ ట్రిప్ నుంచి తీసేయండి. అది వేరే నేల, దానికి వేరే ప్లాన్ కావాలి.

ఏడో_గేరు
రైలు ఐడియా బాగుంది, అది నాకు తట్టలేదు.

బట్టమేక_పిట్ట
గార్డు ఎందుకు ఆపాడో చెప్తాను. సమ్, ఖూరీ చుట్టుపక్కల పెద్ద భాగం డెజర్ట్ నేషనల్ పార్కు కిందికి వస్తుంది. 3,162 చదరపు కిలోమీటర్లు, జైసల్మేర్, బాడ్‌మేర్ రెండు జిల్లాల్లో ఉంది. మన అడవుల్లా చుట్టూ చెట్లు, గేటు కనిపించవు కాబట్టి చాలామందికి లోపలికి వచ్చామన్న సంగతే తెలియదు. గడ్డి మైదానం, ఇసుక, అక్కడక్కడా ఊళ్లు, అంతా ఒకేలా ఉంటుంది. బట్టమేక పిట్టలు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) దేశంలో మిగిలినవే చాలా కొద్ది, వాటిలో ఎక్కువ భాగం అక్కడే ఉన్నాయి. అది నేల మీద గుడ్డు పెట్టే పక్షి, సాధారణంగా ఒక్కటే పెడుతుంది. టైరు కింద పడితే అంతే.

నా పేరు ఎందుకు ఇలా పెట్టుకున్నానంటే, మాది నందికొట్కూరు వైపు. రోళ్లపాడు అభయారణ్యం మా ఇంటికి దగ్గర. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద తీసుకెళ్లి చూపించాడు, గడ్డిలో మెడ ఎత్తి నిలబడి ఉండేది. ఇప్పుడు నా కూతురికి అక్కడ చూపించలేను, అందుకే జైసల్మేర్ దాకా తీసుకెళ్లాను. కాబట్టి దయచేసి పార్కు హద్దుల్లోకి సొంత దారి వేసుకుని వెళ్లకండి. పిట్టను చూడాలంటే జైసల్మేర్ అటవీ కార్యాలయంలో అడిగి, అనుమతి తీసుకుని, పార్కులోని సుదాసరి వైపు వాళ్లు చెప్పిన బాటలోనే వెళ్లండి. తిన్నెల మీద నడపడానికి పార్కు బయట చోటు చూసుకోండి.

వైట్‌ఫీల్డ్_వాసు
@బట్టమేక_పిట్ట ఇది తెలియక పోయినసారి ఎంత తప్పు చేయబోయామో ఇప్పుడు అర్థమైంది. బైనాక్యులర్స్ తీసుకుంటాను, పిల్లలకు తప్పకుండా చూపిస్తాను.

కాగితం_కాంతారావు
30 ఏళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసినవాణ్ణి, కాగితాల విషయం నేను చెప్తాను.

మన పౌరులకు జైసల్మేర్ ఊరికి, సమ్‌కు, తనోట్ గుడికి, లోంగేవాలా యుద్ధ స్మారకానికి మామూలు రోడ్డు మీద వెళ్లడానికి ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒరిజినల్ అందరి దగ్గరా ఉండాలి. తనోట్ దాటి సరిహద్దు పోస్టు వైపు వెళ్లాలంటే బీఎస్‌ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) అనుమతి కావాలి.

అసలు చిక్కు రోడ్డు దిగాక మొదలవుతుంది. సరిహద్దు పోలీస్ స్టేషన్ల పరిధిలో కొన్ని గ్రామాలను నోటిఫై చేశారు. అక్కడికి బయటి జిల్లాల వాళ్లు వెళ్లాలంటే భారతీయులైనా ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) దగ్గర అనుమతి తీసుకోవాలి. షాగఢ్ వైపు తిన్నెలు ఎత్తుగా, అందంగా ఉంటాయని వీడియోలు చూసి చాలామంది మనసు పడుతుంటారు. కాగితం లేకుండా అటు వెళ్లొద్దు. దరఖాస్తులో బండి నంబర్లు, అందరి పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్లు, ఏ రోజు ఏ ఊరు అన్నది రాయండి. సెలవు రోజులు చూసుకోండి. జనవరి 14కు ముందూ వెనకా ఆఫీసులో మనుషులు దొరకడం కష్టం. శనివారం మధ్యాహ్నం చేరుకుని సంతకం కావాలంటే సోమవారం దాకా ఆగాల్సిందే.

మధ్యవర్తికి అప్పగించినా, కాగితం మీ చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. అనుమతి పత్రం ఫోటో ఫోన్లో ఉంటే చాలదు, నాలుగు బండ్లకు నాలుగు ప్రింట్లు పెట్టండి.

కాగితం_కాంతారావు
బావమరిది గురించి రాయడం మరిచాను. ఓసీఐ కార్డు వీసా బదులు పనిచేస్తుంది, నిషిద్ధ ప్రాంతాల పర్మిట్ బదులు పనిచేయదు. పశ్చిమ రాజస్థాన్‌లో సరిహద్దు వైపు చాలా భాగం విదేశీయులకు నిషిద్ధ ప్రాంతమే. ఆయన పాస్‌పోర్టు అమెరికాది కాబట్టి ఆయన విదేశీయుడి కిందే లెక్క. జైసల్మేర్, సమ్ లాంటి టూరిస్టు చోట్ల ఇబ్బంది ఉండదు. తనోట్, లోంగేవాలా దాకా వెళ్లాలంటే ఆయనకు విడిగా కలెక్టర్ కార్యాలయంలో దరఖాస్తు చేయండి. ఆయన టికెట్ కొనకముందే మొదలుపెట్టండి.

వైట్‌ఫీల్డ్_వాసు
ఇది ఎవరూ చెప్పలేదు సార్. ఓసీఐ ఉంటే మనలాగే అనుకున్నాం. ఈ రాత్రే అతనికి ఫోన్ చేస్తాను.

సర్జాపూర్_సుబ్బు
@వైట్‌ఫీల్డ్_వాసు ఫోన్ చేసినప్పుడు ఇంకొకటి కూడా అడగండి. అమెరికాలో ట్రెక్కింగ్ వెళ్లేవాళ్ల దగ్గర గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ ఉంటుంది. "ఎడారికి పనికొస్తుంది" అని బ్యాగులో వేసుకుని వస్తాడు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఆ మెసెంజర్లు పెట్టుకోవడం నేరం. విమానాశ్రయాల్లోనే పట్టుకున్న కేసులున్నాయి. సరిహద్దు జిల్లాలో దొరికితే ఇంకా పెద్ద తలనొప్పి. డ్రోన్ కూడా ఇంట్లో పెట్టి రమ్మనండి.

వైట్‌ఫీల్డ్_వాసు
రెండూ సర్దేశాడట! మంచి టైంలో చెప్పారు. ఇప్పుడే తీయించాను.

మేఘసందేశ్
వాన గురించి నేను చెప్తాను, నాకిది పదేళ్ల పిచ్చి.

జనవరిలో జైసల్మేర్‌లో కురిసేది మన నైరుతి వాన కాదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, పాకిస్తాన్ మీదుగా వచ్చే వాన వ్యవస్థలను పశ్చిమ కల్లోలాలు (వెస్టర్న్ డిస్టర్బెన్స్) అంటారు, ఇది వాటి పని. హిమాలయాల్లో మంచు కురిపించేవీ అవే. కొన్ని బాగా దిగువకు వచ్చినప్పుడు థార్ మీద కూడా జల్లు పడుతుంది. చెప్పాపెట్టకుండా రావు. నాలుగైదు రోజుల ముందే వాతావరణ శాఖ జైపూర్ కేంద్రం బులెటిన్‌లో కనిపిస్తాయి. పది రోజుల ముందు ఫోన్ యాప్‌లో కనిపించే వాన గుర్తును నమ్మి టికెట్లు రద్దు చేసుకోకండి. మూడు రోజుల ముందు చెప్పేదాన్ని మాత్రం గట్టిగా నమ్మండి.

అక్కడ ఉన్నప్పుడు చూసుకోవాల్సిన గుర్తు ఒకటుంది. రాత్రి చలి ఉన్నట్టుండి తగ్గి, దుప్పటి కప్పినట్టు వెచ్చగా అనిపిస్తే పైన మబ్బు చేరిందని అర్థం. వాన వెళ్లిపోయాక మర్నాటి నుంచి ఉత్తరం గాలి తిరుగుతుంది, చలి విరుచుకుపడుతుంది, పొద్దున్నే పొగమంచు పడుతుంది. వాసు గారి పిల్లలు వణికింది బహుశా అందుకే. గుడారం తడిసింది, వెంటనే చలి పెరిగింది. మామూలు జనవరి రాత్రి ఏడెనిమిది డిగ్రీలు ఉంటుంది, తిన్నెల మధ్య ఇంకా తక్కువ. బెంగళూరు స్వెట్టర్లు అక్కడ చాలవు.

కాబట్టి ప్రతి రెండు రాత్రుల గుడారానికి ఒక ఖాళీ రోజు వదలండి. వాన వస్తే ఆ రోజు జైసల్మేర్ కోటలో గడపండి. రాకపోతే తిన్నెల దగ్గరే ఇంకో రోజు ఉండండి.

కోరమంగళ_కిట్టు
వేసవిలో వెళ్తే వాన గొడవే లేదు కదా? మేలో హోటళ్లు కూడా సగం ధరకే.

మేఘసందేశ్
@కోరమంగళ_కిట్టు 2016 మే 19న జైసల్మేర్‌కు వెళ్లే దారిలోనే ఉన్న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది. పైగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇసుక తుఫాన్లు, వాళ్లు ఆంధీ అంటారు. ముందు బండి కనిపించదు. సగం ధర అందుకే.

ఆగస్టు కూడా వద్దు. ఎడారిలో వానలేంటి అనుకుంటాం కానీ 2006 ఆగస్టులో బాడ్‌మేర్ దగ్గర కవాస్ ఊరు మునిగిపోయింది. కింద జిప్సం పొర ఉండటం వల్ల నీళ్లు ఇంకక చాలా కాలం చెరువులా నిలిచిపోయాయి.

కోరమంగళ_కిట్టు
సరే, జనవరే.

లడఖ్_లచ్చన్న
ఎడారే కావాలంటే లడఖ్‌లోని నుబ్రా లోయకు వెళ్లొచ్చు కదా, హుండర్‌లో ఇసుక, వెనకాల మంచు కొండలు. రెండూ ఒకేచోట.

జిమ్నీ_జానకి
@లడఖ్_లచ్చన్న చూడటానికి సరే. నడపడానికి కాదు. 2022లో హుండర్ తిన్నెల మీద కారు నడిపినందుకు లేహ్ పోలీసులు 50,000 రూపాయలు జరిమానా వేశారు.

లడఖ్_లచ్చన్న
నిజమే, ఒంటె ఎక్కి రావడమే మంచిది.

జిమ్నీ_జానకి
ఇప్పుడు ఇసుక డ్రైవింగ్. వాసు గారూ, మీ వాళ్లలో తిన్నెల మీద నడిపినవాళ్లు ఎందరు?

వైట్‌ఫీల్డ్_వాసు
నేను ఒక్కణ్ణే, అదీ రెండు గంటలు. మిగతావాళ్లకు కొండ దారులు, బురద అలవాటు. సకలేశపుర వైపు చాలాసార్లు వెళ్లాం.

జిమ్నీ_జానకి
బురదలో వచ్చిన అలవాట్లు ఇసుకలో వదిలేయాలి. రాళ్లలో మెల్లగా పాకిస్తాం, ఇసుకలో ఆ పని చేస్తే బండి కూర్చుంటుంది. ఊపు ముఖ్యం, కానీ దూకుడు వద్దు. ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే స్టీరింగ్ తిప్పకండి. రివర్స్ వేసి వచ్చిన చాళ్లలోనే నిటారుగా వెనక్కి దిగండి. శిఖరం మీదికి చేరేముందు వేగం తగ్గించండి, అవతల ఏముందో ఎవరికీ తెలియదు. తిన్నె పక్కవాటుగా అడ్డంగా నడపొద్దు, @నెలమంగల_టోల్ చెప్పిన ఒరగడం అక్కడే జరుగుతుంది. ఆగాలనుకుంటే బ్రేకు తొక్కకుండా కాలు తీసేస్తే ఇసుకే ఆపుతుంది. అదీ ముందు చక్రాలు దిగువకు చూస్తున్న చోట ఆపితే మళ్లీ కదలడం తేలిక.

అన్నిటికంటే ముందు గాలి. 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరును 18కి దించండి. మా జిమ్నీ తేలిక కాబట్టి 15లో బాగా పోతుంది. 12 కంటే కిందికి వెళ్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాలి. గాలి తక్కువతో తారు మీద వేగంగా పోతే టైరు పక్కగోడ వేడెక్కి పగులుతుంది. అందుకే మంచి కంప్రెసర్ మీద డబ్బు పెట్టండి. పైన పెట్టే లైట్లు, స్టిక్కర్ల సంగతి తర్వాత.

పొద్దున చల్లగా, కాస్త తేమగా ఉన్నప్పుడు ఇసుక గట్టిగా ఉంటుంది. కష్టమైన తిన్నెలన్నీ 11 లోపు అయిపోవాలి.

ఏడో_గేరు
టూవీల్ స్కార్పియో సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. దాన్ని తేవొద్దు. ప్రతి అరగంటకూ దాన్ని లాగడమే పని అవుతుంది.

ఉప్పునీళ్ళు
@ఏడో_గేరు స్థానికులు అక్కడ టూవీల్ బొలెరోలు, క్యాంపర్లే నడుపుతారు. గాలి దించి, దారి తెలిసి నడిపితే పోతుంది.

ఏడో_గేరు
వాళ్లు పుట్టినప్పటి నుంచి అక్కడున్నారు. మనం రెండు రోజులకు పోతున్నాం.

జిమ్నీ_జానకి
ఇద్దరి మాటా నిజమే. స్కార్పియో రావచ్చు, తిన్నెలు ఎక్కకూడదు. సామాను, నీళ్లు, అమ్మగారు అందులో. అది గట్టి మట్టిదారిలో చుట్టూ తిరిగి వచ్చి అవతల కలుస్తుంది. పెద్దావిడ నడుము కూడా బాగుంటుంది.

వైట్‌ఫీల్డ్_వాసు
అమ్మకు చదివి వినిపించాను. "ఆ జానకి ఎవరో గానీ తెలివైన పిల్ల" అంది.

నెలమంగల_టోల్
లాగే తాడు విషయంలో ఒక్క హెచ్చరిక. బండి వెనక ఉండే ట్రెయిలర్ గుండుకు తాడు తగిలించి లాగకండి. అది విరిగితే తూటాలా వస్తుంది, అలా ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. కింద ఉండే రవాణా కొక్కేలు కూడా లాగడానికి కావు, లారీ మీద బండిని కట్టడానికి. అసలైన టో హుక్ ఎక్కడుందో నాలుగు బండ్లకూ ఇంటి దగ్గరే చూసుకుని గుర్తు పెట్టండి. లాగేటప్పుడు పిల్లలు తాడు పొడవుకు రెండింతల దూరంలో ఉండాలి.

హగరి_ఒడ్డు
ఇసుక అలవాటు చేసుకోవడానికి జైసల్మేర్ దాకా ఎందుకు? మాది రాయదుర్గం. బెంగళూరు నుంచి ఐదు గంటల దారి. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి ఒడ్డున, మా వైపు హగరి అంటాం, నది ఇసుక గాలికి కొట్టుకొచ్చి తిన్నెలు కట్టింది. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటని బడిలో చదువుకున్నాం, ఆ తిన్నెల మీద నిలబడితే అది నిజంగా అర్థమవుతుంది. ఒక శనివారం వచ్చి ప్రాక్టీస్ చేసుకోండి.

కానీ ఒక మాట మనసు పెట్టి వినండి. మీకు అది ఆట స్థలంలా కనిపిస్తుంది. ఆ ఇసుక కింద మా తాత పొలం ఉంది. రైతులు ఇసుక కదలకుండా చెట్లు, గడ్డి నాటుకున్నారు. వాటి మీద టైరు పోతే ఇసుక మళ్లీ లేస్తుంది, పక్క చేను మీద పడుతుంది. ఊళ్లో అడిగి, వాళ్లు చూపించిన చోటే నడపండి. నేను మాట్లాడి పెడతాను.

వైట్‌ఫీల్డ్_వాసు
@హగరి_ఒడ్డు అన్నా, మీరు చూపించిన చోట తప్ప ఒక్క అడుగు కూడా పక్కకు పోం. వచ్చే నెల రెండో శనివారం కుదురుతుందా?

హగరి_ఒడ్డు
రండి. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. కొర్రన్నం, చెనక్కాయ ఊరిబిండి.

బనశంకరి_బుల్లోడు
నాకు బండి లేదు, ఊరిబిండి కోసం రావచ్చా?

హగరి_ఒడ్డు
రా నాయనా, స్కార్పియోలో చోటుంటుంది.

బట్టమేక_పిట్ట
@హగరి_ఒడ్డు చెప్పిందే జైసల్మేర్‌కూ వర్తిస్తుంది. అక్కడ ఖడీన్‌లు అని ఉంటాయి. పల్లపు నేలకు అడ్డంగా కట్ట వేసి, వానాకాలం నీళ్లు ఆపి, అవి ఇంకాక ఆ తడి మీదే చలికాలం గోధుమ, శనగ వేస్తారు. వందల ఏళ్ల నాటి పద్ధతి. దూరం నుంచి చదునైన ఖాళీ నేలలా కనిపిస్తుంది, బండి పరిగెత్తించాలని అనిపిస్తుంది. అది ఒకరి పంట. ఓరణ్‌లు కూడా అంతే, దేవుడి పేరున వదిలిన పచ్చిక బీళ్లు. అక్కడ కొమ్మ కూడా విరవరు.

ఉప్పునీళ్ళు
కచ్ ఎందుకు వేరే ప్లాన్ అన్నారో నా అనుభవం చెప్తాను. నవంబర్ చివర్లో వెళ్లాం. ఆ ఏడాది వానలు ఆలస్యంగా పోయాయి. పైన తెల్లగా, గట్టిగా, బల్ల పరిచినట్టు ఉంది. ఒక పాత టైరు జాడ చూసి అదే దారి అనుకుని వెళ్లాం. 200 మీటర్లు పోయాక పైపొర పగిలింది, కింద నల్ల బురద. ఇరుసు దాకా దిగబడింది. లాగడానికి వచ్చిన ట్రాక్టర్ కూడా దిగబడింది. పొద్దున దిగిన బండి రాత్రి పదికి బయటపడింది. రణ్ వానాకాలంలో మునిగే నేల, ఎండటానికి డిసెంబర్ దాకా పడుతుంది. ఎండినట్టు కనిపించడం వేరు, ఎండటం వేరు.

ధోర్డో దగ్గర తెల్ల రణ్ చూడటానికి భిరండియారాలో పర్మిట్ ఇస్తారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. కానీ ఉప్పు మీదికి బండి తీసుకెళ్లనివ్వరు, నడిచే వెళ్లాలి. ఖావడా దాటి ఇండియా బ్రిడ్జ్ వైపుకు మళ్లీ వేరే అనుమతి. చిన్న రణ్‌లో అడవి గాడిదల అభయారణ్యం ఉంది, దానికి అటవీ శాఖ పర్మిట్. నడపాలన్న సరదా ఉంటే ఖావడా నుంచి ధోలావీరా రోడ్డు చాలు, రెండు వైపులా తెల్లటి రణ్, మధ్యలో నిటారుగా తారు రోడ్డు.

సర్జాపూర్_సుబ్బు
గుజరాత్ మీదుగా 14, 15 తేదీల్లో పోతుంటే జాగ్రత్త. ఉత్తరాయణ్ అని ఊరంతా గాలిపటాలు ఎగరేస్తారు. మాంజా దారం రోడ్డుకు అడ్డంగా తెగి పడుతుంది. కారులో ఫరవాలేదు, బైకు మీద వచ్చేవాళ్లు ఉంటే ఆ రెండు రోజులు ఆగిపోండి.

కాగితం_కాంతారావు
ఒక విషయం మనసులో పెట్టుకోండి. అది సరిహద్దు జిల్లా. 2025 మేలో ఉద్రిక్తత వచ్చినప్పుడు జైసల్మేర్‌లో రాత్రి పూట దీపాలన్నీ ఆపేశారు. అలాంటి పరిస్థితి వస్తే చేతిలో ఎంత మంచి కాగితం ఉన్నా పనికిరాదు. హోటల్, టికెట్లు రద్దుకు వీలున్నవే తీసుకోండి. పోఖ్రాన్ దగ్గర సైన్యం ఫైరింగ్ రేంజ్ ఉంది, పేలని గుండ్లు ఇసుకలో ఉండిపోతాయి. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన జీపీఎస్ ట్రాక్ పట్టుకుని తెలియని నేలలోకి దిగకండి.

వైట్‌ఫీల్డ్_వాసు
అందరి మాటలూ పక్కన పెట్టుకుని ఇంట్లో కూర్చుని మళ్లీ రాశాను. తప్పులుంటే చెప్పండి.

జనవరి 7 తెల్లవారుజామున నలుగురం నాలుగు బండ్లతో బయల్దేరతాం. నాకు అదనంగా సెలవు దొరికింది. మిగతావాళ్లు జోధ్‌పూర్‌కు 10న వస్తారు. 11న జైసల్మేర్. ఆ రోజు ఆదివారం కాబట్టి విశ్రాంతి. 12 సోమవారం పొద్దున్నే ఎస్‌డీఎం ఆఫీసు, అటవీ కార్యాలయం. దరఖాస్తులు నవంబర్‌లోనే పంపుతాం, 12న చేతికి తీసుకోవడమే. 13, 14 తిన్నెలు. పార్కు హద్దుకు బయట, రోడ్డుకు పది కిలోమీటర్లలోపు. అక్కడి ఊరి మనిషి ఒకరు ముందు బండిలో కూర్చుంటారు. 15 ఖాళీ రోజు, వాన కోసం వదిలింది. 16 తనోట్, లోంగేవాలా. బావమరిదికి అనుమతి రాకపోతే ఆ రోజు అతను జైసల్మేర్‌లోనే ఉంటాడు, అతనే ఒప్పుకున్నాడు. 17న వెనక్కి. కచ్ తీసేశాం.

నీళ్లు మనిషికి రోజుకు ఐదు లీటర్లు, వంటకు విడిగా.

మేఘసందేశ్
చాలా బాగుంది. 15ను మాత్రం మొండిగా 15నే ఉంచకండి. 9 రాత్రి బులెటిన్ చూసి, వాన 13న అని ఉంటే ఖాళీ రోజును ముందుకు జరపండి. 6 నుంచి నేను రోజూ ఇక్కడ పోస్టు పెడతాను.

నెలమంగల_టోల్
తనోట్ దారిలో రామ్‌గఢ్ దాటేముందు నాలుగు ట్యాంకులూ నింపండి. అవతల బంకు ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఇసుకలో మైలేజీ సగానికి పడుతుంది.

బట్టమేక_పిట్ట
పార్కు బయట అని రాసినందుకు సంతోషం. హద్దు మ్యాపు అటవీ కార్యాలయంలోనే చూసుకోండి, ఫోన్ మ్యాపులో గీత సరిగ్గా ఉండదు.

ఏడో_గేరు
వాకీటాకీలు? బండి దూరమైతే అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు.

సర్జాపూర్_సుబ్బు
లైసెన్స్ అక్కర్లేని తక్కువ శక్తి రకమే కొనండి, బిల్లు బండిలో పెట్టండి. చెక్‌పోస్టులో అడిగితే చూపించొచ్చు.

హగరి_ఒడ్డు
ప్రాక్టీస్ అయ్యాక మొన్న వీళ్లంతా మా పెరట్లో కూర్చుని తిన్నారు. స్కార్పియో కూడా మూడుసార్లే దిగబడింది. తమ్ముడు వాసు, పిల్లలతో కలిసి గడ్డి నాటిన చోటు చుట్టూ రాళ్లు పెట్టించాడు. మా నాన్న దానికే ఎక్కువ సంతోషపడ్డాడు.

వైట్‌ఫీల్డ్_వాసు
ఎస్‌డీఎం కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. మేం అడిగిన మూడు ఊళ్లలో రెండింటికి ఇచ్చారు. మూడోది దారిలోంచి తీసేశాం. బావమరిది అర్జీ ఇంకా పరిశీలనలో ఉంది.

కాగితం_కాంతారావు
రెండు వచ్చాయంటే మంచి ఫలితమే. బావమరిది అర్జీకి రసీదు నంబర్ ఉంది కదా, వారానికోసారి ఫోన్ చేసి గుర్తు చేయండి. విసుక్కున్నా మీరు మర్యాద తప్పొద్దు.

జిమ్నీ_జానకి
కంప్రెసర్ ఎవరి బండిలో?

వైట్‌ఫీల్డ్_వాసు
రెండు కొన్నాం అక్కా. ఒకటి ముందు బండిలో, ఒకటి చివరి బండిలో. 7న పొద్దున నాలుగున్నరకు నెలమంగల టోల్ దాటాక ఎడమవైపు కలుస్తున్నాం. పార తేవాల్సింది స్కార్పియో వాళ్లు, మర్చిపోకండి.